పాత ఎంజీబీలో ఓవర్‌డ్రైవ్ ఉంచాలా, అయిదు గేర్ల గేర్‌బాక్సు వేయించాలా?

అబింగ్డన్ అభిమాని:
ఇంగ్లండులో ఉంటున్నాను. నాది 1972 ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. అందులో ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజను చుట్లు తగ్గించే అదనపు గేరు యూనిట్) పట్టడం మానేసింది. మోటార్‌వే మీద 70 మైళ్ల వేగానికి ఇంజను నిమిషానికి 3,900 చుట్లు తిరుగుతోంది. గంట ప్రయాణానికే చెవులు హోరెత్తుతున్నాయి. ఉన్నది తీసేసి ఫోర్డ్ సియెరా అయిదు గేర్ల గేర్‌బాక్సు వేయించుకోమంటున్నారు గ్యారేజీవారు. మీరేమంటారు?

నేటిబండి:
వేయించండి. నేను మూడేళ్ల కిందట మార్పించాను. గేరు వేలితో తోస్తే పడుతుంది. అయిదో గేరు నిష్పత్తి 0.82 (గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టు ఒక చుట్టుకు ఇంజను తిరిగే చుట్లు), ఓవర్‌డ్రైవ్ కూడా అంతే. 70 మైళ్లకు 3,200 చుట్లే తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్‌ను పని చేయించే సోలెనాయిడ్లు (విద్యుదయస్కాంతాలు), తీగలు, నూనె ఒత్తిడి అనే బెడద ఉండదు.

ఇరుసు:
రెండూ వద్దు. ఎంజీబీలోనే పెద్ద ఇంజను రకం జీటీ వీ8 వెనక ఇరుసు నిష్పత్తి 3.07, మీది 3.909. ఆ సంఖ్య తగ్గితే ఇంజను చుట్లూ తగ్గుతాయి. అది వేస్తే గేర్‌బాక్సు జోలికే పోనక్కరలేదు.

పాతికేళ్ల స్పానర్:
ఇరుసుగారూ, అలా మారిస్తే టాప్ ఒక్కటే కాదు, మొదటి గేరు కూడా పొడవవుతుంది, అంటే అదే చుట్లకు వేగం ఎక్కువ, లాగే బలం తక్కువ. వీ8కి మూడున్నర లీటర్ల ఇంజను ఉంది, లాగింది. ఇది 1798 సీసీ. అంబాసిడర్ నడిపినవారికి దీని స్వభావం చెప్పనక్కరలేదు, ఆ 1489 సీసీ ఇంజనూ ఇదీ ఒకే బీ సిరీస్ కుటుంబం. ఎత్తు మీద ఆగిన కారును మళ్లీ కదిలించేసరికి క్లచ్ వాసన వస్తుంది.

ఇక సియెరా గేర్‌బాక్సు. 0.82 దగ్గర రెండూ సమానమే, ఒప్పుకుంటాను. కింది గేర్లు కూడా చూడండి. ఎంజీబీలో మొదటిది 3.44, రెండోది 2.167. సియెరాలో 3.65, 1.97. మొదటి గేరులో కారు కదిలీ కదలకముందే ఇంజను అరుస్తుంది, రెండోది వేయగానే చతికిలబడుతుంది. మీ కారులోని లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ మూడో గేరులోనూ పని చేస్తుంది. మూడో గేరు నిష్పత్తి 1.382ను 0.82తో గుణిస్తే 1.13, అంటే మూడుకూ నాలుగుకూ నడుమ మరో గేరు! వేల్స్ కొండదారుల్లో మలుపు మలుపుకూ క్లచ్ తొక్కకుండా స్విచ్ ఒక్కటే నొక్కుతూ వెళ్లిన రోజులు నేను మరచిపోలేను. షెఫీల్డ్‌లో తయారైన ఆ యూనిట్‌ను పాత ఇనుములా తీసి పారేయమంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అభిమానిగారూ, విప్పేముందు ఒక పని చేయండి. ఇంజను ఆపి, ఇగ్నిషన్ మాత్రం వేసి, నాలుగో గేరులో స్విచ్ నొక్కండి. కింద సన్నగా టక్కుమనాలి. అనకపోతే లోపం కరెంటులో ఉంది. అన్నా పట్టకపోతే గేర్‌బాక్సు నూనె మట్టం, అడుగున ఉన్న జల్లెడ చూడండి. నూనె 20డబ్ల్యూ50 ఇంజను ఆయిలే పోయాలి, అందులో ఇంకే మందూ కలపకూడదు, ఓవర్‌డ్రైవ్‌ను పట్టించే లోపలి కోన్ క్లచ్ జారుతుంది. ఓవర్‌డ్రైవ్ పట్టి వదలకపోతే మాత్రం కారును వెనక్కి నడపకండి, యూనిట్ లోపల విరుగుతుంది.

నేటిబండి:
మొదటి గేరు లోపం నిజమే. అందుకే దాన్ని పొడవుగా మార్చి అమ్మేవారున్నారు, నాది అదే. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే కారుకు నేనిప్పటికీ అయిదు గేర్లే మేలంటాను. వర్షంలో రాత్రిపూట రోడ్డు పక్కన తీగలు వెతికిన బాధ నాది.

అబింగ్డన్ అభిమాని:
టక్కుమనలేదు. కారు ఎత్తి చూస్తే గేర్‌బాక్సు దగ్గర తీగ కొస ఆకుపచ్చని చిలుము పట్టి, ముట్టుకోగానే చేతికి ఊడి వచ్చింది. కొత్త కొస వేశాను. నిన్న 70 మైళ్లకు ముల్లు 3,200 దగ్గర నిలిచింది! గ్యారేజీవారికి ప్రస్తుతానికి వద్దన్నాను. కానీ మూడో గేరులో ఇంకా పట్టడం లేదు.

పాతికేళ్ల స్పానర్:
గేర్‌బాక్సు మీద ఉన్న ఇన్‌హిబిటర్ స్విచ్ (మూడు, నాలుగు గేర్లలో తప్ప ఓవర్‌డ్రైవ్ పట్టకుండా ఆపేది) విప్పండి. దాని కింద పలుచని వాషర్లు ఉంటాయి. ఒకటి తీసి బిగించి, మూడులో మళ్లీ చూడండి.