వీడియో గేమ్ ‘ముస్తఫా’ అసలు పేరేంది? ఆ గేమ్ డబ్బాలల్ల ఆటలు ఎట్ల మార్చేటోళ్ళు?

గడియారం_సెంటర్:
మొన్న పిలగాన్ని హైదరాబాద్‌ల ఒక మాల్‌కు తీస్కపోయిన. గేమ్ జోన్‌ల కార్డు గీక్కుంట అర్ధగంటల ఐదు వందలు ఊదిండు. నేను వాని ఈడున్నప్పుడు నల్లగొండ ప్రకాశం బజార్ దిక్కు ఒక చీకటి గదిల రూపాయికి ‘ముస్తఫా’ ఆడేటోళ్ళం. వానికి చూపెడ్దామంటే నెట్‌ల ఆ పేరుతోని గేమే దొరుకుతలేదు. ఎవరికన్న ఎరుకేనా?

పాలమూరు_పోరడు:
కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అన్నా. 1993, జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ వాళ్ళది. అండ్ల నలుగురుంటరు, ముస్తఫా ఒకడు. వాడు బాగ ఉరుకుతడు గనక అందరికి వాడే కావాలె. గట్ల గేమ్‌కే వాని పేరు పడ్డది. మా మహబూబ్‌నగర్‌ల వాని కోసం అంగీలు చింపుకునేది.

పాత_బోర్డు:
మాది దేవరకొండ. మా మేనమామ కిరాణం వెనక రెండు గేమ్ డబ్బాలు పెట్టిండు. రూపాయి ఆయన చేతికిస్తే వెనక చిన్న స్విచ్ నొక్కి లైఫ్ ఇచ్చేటోడు. కరెంటు పోతే ఆట పాయె, రూపాయి వాపస్ అడిగితే తిట్లు.

డబ్బా మీద బొమ్మొకటి, లోపల ఆటొకటి ఉండేది, యాదికుందా? జపాన్‌ల 1985ల జామా అని ఒక పద్ధతి పెట్టిండ్రు, 56 పిన్నుల పట్టీ. కంపెనీ ఏదైనా బోర్డు, అంటే ఆట ఉండే సర్క్యూట్ పలక, ఆ పట్టీకే గుచ్చుతరు. పోరగాళ్ళకు ఒక ఆట మొహం మొత్తంగనే మామ పట్నం పోయి ఇంకో బోర్డు మార్చుకొస్తుండె, టవల్ల చుట్టి, బస్సుల ఒళ్ళె పెట్టుకొని. అన్నీ నకలు బోర్డులే. ముస్తఫా అసలు సౌండ్ ఎంత మంచిగుంటదో నేను మొన్నమొన్న ఫోన్‌ల విన్న.

ఇంకోటి. ఆ గేమ్ ముగ్గురాడొచ్చు. కని జామా పట్టీల ఇద్దరికే తీగలుంటయి, మూడోవానికి వేరే గుంజాలె. మామ గుంజలే. కొట్లాటలు అండ్లకెళ్ళే.

గడియారం_సెంటర్:
మా దగ్గర తెర నల్లగైనప్పుడు పాత ఆట స్కోరు అంకెలు మచ్చలెక్క కనపడేటియి. దయ్యమనుకునేటోళ్ళం!

పాత_బోర్డు:
రాత్రీపగలు ఒకే బొమ్మ నిలబడితే పిక్చర్ ట్యూబ్ మాడుతదన్నా, అదే మచ్చ. 2003ల హైదరాబాద్‌ల గేమ్ జోన్‌తోని ప్రసాద్స్ ఐమాక్స్ వచ్చినంక పట్నం పోయొచ్చిన పిల్లలు మా డబ్బాలను చూసి నవ్వుడు పెట్టిండ్రు. ఆ తర్వాత ఇంట్ల కంప్యూటర్లు. మామ డబ్బాల కట్టె కోళ్ళ గూటికి వాడిండు.

పాలమూరు_పోరడు:
బోర్డన్న ఉన్నదా?

పాత_బోర్డు:
ఒకటున్నది, అటక మీద. దాని సిగ్నల్ 15 కిలోహెర్ట్జ్, ఇప్పటి టీవీకి సక్కగ తగలదు, నడుమ కన్వర్టర్ పెట్టాలె. ఎవరి దగ్గరన్న పాత ట్యూబు మానిటర్ ఉంటే చెప్పుండ్రి, ఆటో కిరాయి నాది.