ఒకే మంచుకి నాలుగు లెక్కలు: ఏది రాసుకోవాలి?

తెల్లబోర్డు (ప్రశ్న)

నిన్న ఉదయం 7 నుంచి ఇవాళ ఉదయం 7 దాకా ఆగకుండా మంచు కురిసింది. ఆరు గంటలకోసారి ఆరుబయట పెట్టిన చెక్క బోర్డు మీద మందం కొలిచి, తుడిచి, మళ్ళీ పెడితే వరుసగా 6, 8, 7, 4 సెం.మీ. వచ్చాయి. కలిపితే 25. పక్కనే తుడవకుండా వదిలేసిన రెండో బోర్డు మీద ఉదయానికి 20 మాత్రమే ఉంది. 4 అంగుళాల నోరున్న వాన గేజ్‌లో పడ్డది కరిగిస్తే 17 మి.మీ. నీరు. దగ్గర్లోని ఆటోమేటిక్ స్టేషన్ 9 మి.మీ. చూపిస్తోంది. ఒక యాప్ ఆ తొమ్మిదిని పట్టుకుని "9 సెం.మీ. మంచు" అని వేసింది.

రోజు మొత్తంగా 25 రాయాలా, 20 రాయాలా? నీటి లెక్కకి 17 నమ్మాలా, 9 నమ్మాలా? ఇంకో సంగతి: ఇదే ప్రాంతానికి అరవై ఏళ్ల రోజువారీ రికార్డు దొరికింది. అప్పటికీ ఇప్పటికీ మంచు తగ్గిందో లేదో దాన్నిబట్టి చెప్పొచ్చా?

కొలబద్ద

25, 20 రెండూ సరైనవేనండీ. రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. పడ్డ మంచు ఉన్నట్టుండదు. పొరల మధ్య గాలి ఉంటుంది, పైన పడే బరువుకి కింది పొర అణుగుతుంది, మంచు రేకుల కొసలు విరిగి దగ్గరకి చేరతాయి. తుడిచిన ప్రతిసారీ ఆ అణగడాన్ని మీరు మధ్యలో ఆపేస్తున్నారు. అందుకే ఎన్నిసార్లు తుడిస్తే మొత్తం అంత పెరుగుతుంది. గంటకోసారి తుడిస్తే ఇదే మంచు 25 దాటేస్తుంది.

అమెరికా వాతావరణ శాఖ "ఆరు గంటలకి తక్కువ కాకుండా, రోజుకి నాలుగుసార్లకి మించకుండా" అని గీత గీసింది ఇందుకే. న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటేగ్‌లో 1997 జనవరి 11-12 తేదీల్లో 24 గంటల్లో 77 అంగుళాలు నమోదైంది. అది దేశ రికార్డు అయ్యుండేది. కానీ ఆ మొత్తం ఆరు కొలతలు కలిపితే వచ్చిందని పరిశీలన కమిటీ ఒప్పుకోలేదు. 1921 ఏప్రిల్‌లో కొలరాడోలోని సిల్వర్ లేక్‌లో వచ్చిన 75.8 అంగుళాలే రికార్డుగా నిలిచింది. మాంటేగ్‌లో కొలిచినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, స్కేలూ తప్పు చూపించలేదు. పద్ధతి తేడా వచ్చింది, అంతే.

మీది ఆరు గంటల పద్ధతి కాబట్టి "కురిసినది" గడిలో 25 రాయండి, పక్కన "6 గం. × 4" అని తప్పకుండా రాయండి. తుడవని బోర్డు మీది 20కి వేరే గడి. నేలమీద మొత్తం ఎంత మందం ఉందో (పాత మంచుతో కలిపి) మూడో గడి. ఈ మూడింటినీ ఒకే గడిలో కలిపేస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

బోర్డు గురించి నాలుగు మాటలు, ఎందుకంటే సగం తప్పులు అక్కడే పుడతాయి. 12 నుంచి 18 మి.మీ. మందం ప్లైవుడ్, 40 సెం.మీ. చదరం చాలు, 60 అయితే మేలు. బయట వాడే తెల్ల పెయింటు రెండు పూతలు వేయాలి. ముదురు రంగు బోర్డు ఎండ వేడిని పీల్చుకుని మొదటి సెంటీమీటరుని కిందనుంచే కరిగించేస్తుంది. గడ్డి మీద నేరుగా కొలవకండి. గడ్డి పోచలు మంచుని పైకెత్తి పట్టుకుంటాయి, కింద ఖాళీ ఉంటుంది, స్కేలు ఆ ఖాళీలోకి దిగి ఎక్కువ చూపిస్తుంది. గోడ, చెట్టు ఏదైనా దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో బోర్డు ఉండాలి.

తుడిచాక బోర్డుని ఆ గుంటలోనే పెట్టేయడం చాలామంది చేసే పొరపాటు. చుట్టూ ఉన్న మంచుని గాలి ఊడ్చి ఆ గుంటలో నింపుతుంది, అదంతా కొత్త మంచుగా లెక్కలోకి వస్తుంది. బోర్డు పైతలం చుట్టుపక్కల మంచు పైతలంతో సమానంగా వచ్చేలా కొత్త మంచు మీద పెట్టాలి. ఒక మూల దగ్గర రంగు గుడ్డ కట్టిన కర్ర పాతండి. 2016 జనవరి తుపానులో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయంలో బోర్డు మంచులో పూడిపోయి దొరకలేదు. అక్కడి 17.8 అంగుళాల లెక్క మీద తర్వాత పెద్ద చర్చే నడిచింది.

స్కేలు కూడా చూసుకోండి. మామూలు స్కేళ్ళకి అంచు నుంచి సున్నా గీత దాకా నాలుగైదు మి.మీ. ఖాళీ ఉంటుంది. ఆ ముక్క కోసేయాలి, లేదంటే ప్రతి కొలతా అంత తక్కువ వస్తుంది. రోజుకి నాలుగు కొలతలంటే దగ్గర దగ్గర 2 సెం.మీ. నష్టం.

తూకంరాయి

నీటి లెక్కకి నా జవాబు: 17 కాదు, 9 అసలే కాదు. తుడవని బోర్డు మీద మంచు ఇంకా ఉంటే కోర్ (పైనుంచి బోర్డు దాకా నిలువుగా కోసిన మంచు ముక్క) తీసి తూచండి.

గేజ్ చుట్టూ గాలి వంగి పైకి లేస్తుంది. వానచినుకు బరువుకి దూసుకుని లోపల పడుతుంది, మంచు రేకు తేలిగ్గా ఉండి గాలితోపాటు అంచు దాటి పోతుంది. కంచె లేని గేజ్ గట్టి గాలిలో సగానికి సగం పోగొట్టుకోవడం మామూలే. ప్రపంచ వాతావరణ సంస్థ పోలిక పరీక్షల్లో గేజ్ చుట్టూ రెండు వరుసల చెక్క కంచె కట్టి దాన్నే ప్రామాణికంగా తీసుకునేది ఇందుకే. ఆటోమేటిక్ స్టేషన్‌లో ఇంకో బాధ ఉంది. అది మంచుని కరిగించడానికి వేడిచేసే బకెట్ రకం అయితే ఆ వేడికి కొంత ఆవిరైపోతుంది, మిగిలింది కరిగి పడేసరికి ఆలస్యం అవుతుంది. మంచు ఆగిన గంట తర్వాత కూడా "కురుస్తోంది" అన్నట్టు అంకెలు వస్తాయి.

కోర్ ఇలా తీయాలి. గేజ్ లోపలి గొట్టం, గరాటు తీసేయండి (చలికాలమంతా తీసే ఉంచాలి, లేకపోతే మంచు గరాటులో టోపీలా పేరుకుని మిగతాది బయటికి జారిపోతుంది). బయటి సిలిండర్‌ని బోర్లించి బోర్డు తగిలేదాకా నిటారుగా నొక్కండి. చుట్టూ మంచు తీసేసి, పలుచటి లోహపు రేకు ఒకటి కిందికి దూర్చి, రేకుతో సహా తిప్పండి. బయట అంటుకున్న మంచుని గుడ్డతో తుడిచి వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. ఖాళీ సిలిండర్ బరువు ముందే తీసి పెట్టుకుంటే కరిగించే పని లేదు.

4 అంగుళాల నోటి వైశాల్యం సుమారు 81 చ.సెం.మీ. అంటే 8.1 గ్రాములకి 1 మి.మీ. నీరు. 8 అంగుళాల గేజ్ అయితే 32.4 గ్రాములకి 1 మి.మీ. కాటా ఒక గ్రాము తేడా చూపగలిగితే చాలు, మీ లెక్క మి.మీ.లో ఎనిమిదో వంతు దాకా వస్తుంది.

కరిగించే పద్ధతే వాడతానంటే గోరువెచ్చని నీటిని కొలిచి పోసి, మొత్తం కొలిచి, పోసినది తీసేయండి. పొయ్యి మీద పెట్టొద్దు. ఆవిరి పోతుంది, ప్లాస్టిక్ పగులుతుంది.

ఇక యాప్ చేసిన "పదితో గుణించడం". పది భాగాల మంచుకి ఒక భాగం నీరు అన్నది చేతిలెక్క మాత్రమే. తడి మంచు అయిదుకి ఒకటి ఉండొచ్చు, బాగా చలిలో పడ్డ పొడి మంచు ఇరవైకి ఒకటి దాటొచ్చు. ముందే తక్కువ పట్టిన గేజ్ అంకెని ఆ నిష్పత్తితో గుణిస్తే తప్పుని పదింతలు చేసి చూపించినట్టే.

తెల్లబోర్డు

కోర్ తీశాను: మంచు బరువు 178 గ్రాములు. 8.1తో భాగిస్తే 22 మి.మీ. అంటే నా గేజ్ 5 మి.మీ. పోగొట్టుకుంది, ఆటోమేటిక్ స్టేషన్ సగానికంటే ఎక్కువ పోగొట్టుకుంది. 25 సెం.మీ.కి 22 మి.మీ. అంటే నిష్పత్తి 11.4. తుడవని 20తో చూస్తే 9.1.

ఇంకో అనుమానం. మధ్యాహ్నం 3 సెం.మీ. పడి కొలిచే వేళకి పూర్తిగా కరిగిపోతే సున్నా రాయాలా?

కొలబద్ద

కాదండీ. కరగడం మొదలయ్యే ముందు బోర్డు మీద ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో అదే కురిసినది: 3. నేలమీది మందం గడిలో 0. ఆ రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాళ్ళకి జరిగింది అర్థమవుతుంది. రేకులు కనిపించాయి గాని 0.1 అంగుళం కూడా నిలవలేదంటే "ట్రేస్" అని రాయాలి. మంచు గుళికలు (దారిలోనే గడ్డకట్టి పడే చినుకులు) కురిసినదానిలో చేరతాయి, వడగళ్ళు చేరవు, పడ్డాక గడ్డకట్టే వాన చేరదు.

చూడలేకపోయిన రోజుకి మాత్రం ఎప్పుడూ సున్నా వేయకండి. "కొలవలేదు" అని రాయండి.

పాతరికార్డు

మూడో ప్రశ్నకి వస్తాను. కొలబద్ద గారు చెప్పినదాంట్లో ఒక్క విషయంలో నాకు అభ్యంతరం ఉంది: పాత రికార్డుతో పోల్చేటప్పుడు 25 వాడకండి, 20 వాడండి. పాత పరిశీలకులు ఎక్కువమంది రోజుకి ఒక్కసారి, ఒకే వేళకి కొలిచినవాళ్ళు. వాళ్ళ 20ని మీ 25తో పోలిస్తే మంచు పెరిగినట్టు కనిపిస్తుంది, పెరిగింది తుడవడం మాత్రమే. మీ రెండో బోర్డు అలవాటు ఎప్పటికీ మానకండి, ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువగా కనిపించింది అదే.

రికార్డు గ్లోబల్ హిస్టారికల్ క్లైమటాలజీ నెట్‌వర్క్ (ప్రపంచవ్యాప్త స్టేషన్ల రికార్డుల సంకలనం) రోజువారీ ఫైలు అయితే ముందు యూనిట్లు చూడండి. మంచు మి.మీ.లో ఉంటుంది, నీరు మి.మీ.లో పదో వంతులో ఉంటుంది. అందుకే ఒక తమాషా పరీక్ష కుదురుతుంది. 10 అంగుళాల మంచు అంటే 254. పదికి ఒకటి చొప్పున ఊహించి రాసిన నీరు 25.4 మి.మీ., ఫైలులో అదీ 254. రెండు నిలువు వరుసల్లో రోజు తర్వాత రోజు ఒకే అంకె కనిపిస్తే ఒకటి మాత్రమే కొలిచారు, రెండోది పదితో లెక్కగట్టారని అర్థం. కెనడాలో చాలా స్టేషన్లు దశాబ్దాలపాటు మందం కొలిచి పదితో భాగించే నీరు రాసేవి, కాబట్టి ఇది అరుదైన సంగతేమీ కాదు.

తర్వాత గుర్తులు చూడండి. ట్రేస్ రోజున విలువ 0 ఉండి పక్కన గుర్తు ఉంటుంది. "లేదు, కానీ సున్నా అనుకున్నాం" అనే గుర్తు వేరే ఉంది. కొన్ని స్టేషన్లలో ఈ రెండో రకం చలికాలమంతా నిండి ఉంటుంది, అలాంటి ఏడాదిని లెక్కలోంచి తీసేయడమే మంచిది. కొలవని రోజు −9999. దాన్ని తీయకుండా కూడితే ఏడాది మొత్తం రుణసంఖ్య వస్తుంది. అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. కొలవని రోజుని సున్నాగా మార్చి కూడినప్పుడే అసలు ప్రమాదం, ఎవరికీ కనిపించదు.

కొలిచే వేళ మారిందేమో వెతకండి. అమెరికాలో చాలామంది పరిశీలకులు సాయంత్రం నుంచి ఉదయానికి మారారు. సాయంత్రం 5కి కొలిస్తే పగటి ఎండకి కరగగా మిగిలిన మందం, ఉదయం 7కి కొలిస్తే రాత్రి చలిలో నిలిచిన మందం. వాతావరణం మారకపోయినా సగటు మారుతుంది. పైగా ఉదయం కొలిచినది ఏ తేదీ కింద రాశారో చూడాలి, ముందురోజు మంచుని కొందరు ముందురోజు తేదీకే రాస్తారు.

స్టేషన్ స్థలం మారడం, పరిశీలకుడు మారడం, చేతి కొలత పోయి యంత్రం రావడం, ఈ మూడింటి తేదీలు స్టేషన్ చరిత్ర పత్రంలో దొరుకుతాయి. దొరక్కపోతే ఇలా పట్టుకోవచ్చు: చుట్టుపక్కల నాలుగైదు స్టేషన్ల ఏటేటి సగటుని కూడుకుంటూ అడ్డగీత మీద, మీ స్టేషన్‌ది కూడుకుంటూ నిలువుగీత మీద పెట్టి గ్రాఫ్ గీయండి. గీత తిన్నగా పోతే సరే. ఒక ఏడాది దగ్గర వంగి, ఆ కొత్త వాలులోనే కొనసాగితే అక్కడ మారింది మంచు కాదు, కొలిచే తీరు.

యంత్రాల్లో ధ్వని పంపి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి మందం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కి ఒక బలహీనత ఉంది. ధ్వని వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది. సెన్సర్ 2 మీటర్ల ఎత్తున ఉండి, దాని ఉష్ణోగ్రత రీడింగ్ 10 డిగ్రీలు తప్పితే మందం దాదాపు 4 సెం.మీ. తప్పుతుంది. మంచు లేని రోజుల్లో మందం పగలు రాత్రి ఊగుతూ కనిపిస్తే కారణం అదే. వేసవిలో 10, 15 సెం.మీ. చూపిస్తే అది గడ్డి.

ఇవన్నీ దాటాక కూడా నేనైతే "మొత్తం ఎన్ని సెం.మీ. కురిసింది" మీద ధోరణి గీయను. నేలమీద కనీసం 1 అంగుళం మంచు ఉన్న రోజులు ఎన్ని అని లెక్కపెడతాను. తుడిచే అలవాటు, స్కేలు చివర ముక్క, పదితో గుణించడం ఈ లెక్కని అంతగా కదిలించలేవు. కొలిచే వేళ మాత్రం కదిలిస్తుంది, కాబట్టి వేళ మారిన ఏడాది దగ్గర రికార్డుని రెండు ముక్కలు చేసి విడివిడిగా చూడండి.

తూకంరాయి

ఇవాళ్టి వరుస ఇలా రాస్తే సరిపోతుంది: కాలం 7-7, కురిసినది 25 (6 గం. × 4), 24 గంటల బోర్డు 20, నేలమీది మొత్తం మందం ఎంతో అది, నీరు 22 (కోర్), గేజ్ 17 (కంచె లేదు), గాలి ఎలా ఉందో ఒక మాట. గేజ్ అంకెని కోర్ అంకెతో దిద్దకండి, రెండూ ఉంచండి. ఒక చలికాలం అలా రాస్తే మీ గేజ్ ఏ గాలికి ఎంత పోగొట్టుకుంటుందో మీకే పట్టిక తయారవుతుంది.