తుడా ప్లాన్‌లో నివాస జోన్, పక్కనే చెరువు: ఎఫ్‌టీఎల్ గీత ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. తిరుపతి శివారులో, చెరువు కట్టకు అవతల కాకుండా నీళ్లు నిలిచే వైపున, మాకో స్థలం ఉంది. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) జోనల్ ప్లాన్‌లో నివాస ప్రాంతమనే ఉంది. కానీ రాష్ట్ర 2017 భవన నియమాల (జీవో 119) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే. టేపు కట్ట దగ్గర నుంచి పట్టకూడదు. మొరవ (నిండిన చెరువు నుంచి ఎక్కువ నీరు పొర్లిపోయే చోటు) రాతి మట్టానికి నీళ్లు నిలిస్తే తడి ఎంతదాకా వస్తుందో, ఆ గీత నుంచి కొలవాలి. నేల చదునుగా ఉంటే మట్టంలో అర అడుగు తేడాకే గీత ఎన్నో గజాలు జరుగుతుంది. 2021 నవంబరులో తిరుపతిలో వచ్చిన వరదలు చూశాక దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి:

ఎఫ్‌టీఎల్ మ్యాపు, మొరవ మట్టం నీటిపారుదల శాఖలో ఎవరి దగ్గర దొరుకుతాయి? తహసీల్దారు సర్వేయరుతో కలిపి ఉమ్మడి సర్వే చేయించాలంటే అర్జీ ముందు ఎక్కడివ్వాలి? గీత ఒకే సర్వే నంబరును రెండుగా కోస్తే, మిగిలిన భాగానికి సబ్‌డివిజన్ చేయించాకే ప్లాన్ పెట్టాలా? మాస్టర్ ప్లాన్ సవరణప్పుడు ఈ గీత ఎక్కించమని అభ్యంతరం రాస్తే, ఏ కాగితాలు జతచేయాలి?