గ్రూప్ ఇన్సూరెన్స్ ఆపేసి ఐక్రాకి (ICHRA, ఉద్యోగులు సొంతంగా కొనుక్కునే హెల్త్ ఇన్సూరెన్స్‌కి కంపెనీ డబ్బిచ్చే పద్ధతి) మారిన చిన్న కంపెనీల వాళ్లు ఎవరైనా ఉన్నారా?

డాలస్ దగ్గర మాది చిన్న ఐటీ కంపెనీ, 14 మంది ఫుల్‌టైమ్ ఉద్యోగులు. జనవరి 1 రెన్యూవల్‌కి గ్రూప్ హెల్త్ ప్లాన్ ప్రీమియం 19 శాతం పెంచారు. 50 మంది లోపే కాబట్టి ఒబామాకేర్ చట్టం ప్రకారం మేం ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలని లేదు. కానీ పిల్లలున్న కుటుంబాలను అలా వదిలేయడం నావల్ల కాదు.

వేరే బ్రోకర్‌తో కొటేషన్లు తెప్పించాను, పెద్ద తేడా లేదు. ఈ చట్టం వచ్చాక చిన్న గ్రూపులకు రేటు వేయడంలో ఆరోగ్య చరిత్ర చూడరు. వయసు, ప్రాంతం, పొగాకు అలవాటు లాంటివే చూస్తారు. అంటే మావాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నారని బేరమాడే వీల్లేదు. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు ఏటా ఉద్యోగి సొంతంగా పెట్టుకోవాల్సిన ఖర్చు) 2,000 డాలర్ల నుంచి 5,000కి మార్చి చూస్తే పెంపు సగమైంది గానీ, ఆ భారమంతా జబ్బుపడిన వాళ్ల మీదే పడుతుంది. అది న్యాయం కాదు. జీతాల సగటు ఎక్కువని చిన్న వ్యాపారాల టాక్స్ క్రెడిట్ కూడా రాదన్నారు.

ఇక మిగిలింది ఐక్రా. నెలకు ఇంత అని కంపెనీ ఇస్తుంది, ప్లాన్ ఎవరికి వాళ్లు కొనుక్కోవాలి. మా ఏరియాలో అలా దొరికేవి ఎక్కువగా హెచ్‌ఎంఓలే, అంటే మామూలుగా ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లోని డాక్టర్ల దగ్గరికే వెళ్లాల్సినవి. ఒక ఉద్యోగి భార్యకు మార్చిలో డెలివరీ ఉంది, డాక్టర్ మారితే ఎలా అని వాళ్లకు టెన్షన్.

టెక్సస్‌లో గ్రూప్ ప్లాన్ నుంచి ఐక్రాకి మారిన వాళ్లు చెప్పండి: మీ ఉద్యోగులకు పాత డాక్టర్లు కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో దొరికారా?