ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంకు నీటిశుద్ధి: ఏ పరికరం తీసుకోవాలి, ఎలా బిగించాలి?

మియాపూర్ వాసి:

అందరికీ నమస్కారం. మేము హైదరాబాదు మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉంటున్నాము. హాలులో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజుతొట్టి పెట్టించాను. కింది అరలో ఉన్న వడపోత తొట్టితో కలిపి సుమారు 300 లీటర్ల నీరు పడుతుంది. ముందుగా ఒక జత క్లౌన్ చేపలు, క్లీనర్ రొయ్యలు, కొన్ని నత్తలు, ఆ తర్వాత కొన్ని మెత్తని పగడాలు పెట్టాలని ఆలోచన. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి కనుక వాటి జోలికి పోను.

నా సందేహమంతా నీటి గురించే. మా ఇంట్లో అన్ని కుళాయిలకూ బోరు నీరు వస్తుంది. వంటింట్లో ఒక్క కుళాయికి మాత్రం, అందరం మంజీరా నీళ్ళని పిలుచుకునే జలమండలి నీరు, మేడ మీద ఉన్న వేరే ట్యాంకు నుండి వస్తుంది. చిన్న మీటరుతో చూస్తే బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 860, వంటింటి నీటిది 310 చూపింది. మేము తాగడానికి వాడే ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చే నీరు 70 చూపుతోంది. ఆ యంత్రమే సరిపోతుందని ఒక దుకాణదారు అన్నారు. దిగుమతి చేసుకున్న ఆరు దశల యంత్రం తప్ప మరేదీ పనికిరాదని ఇంకొకరు అన్నారు. రెండింటికీ ఖర్చులో చాలా తేడా ఉంది. ఎంత సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి, బాల్కనీలో బిగించవచ్చా, బయటికి పోయే నీటిని ఏం చేయాలి అన్న విషయాలు కూడా అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

పగడాల పెరడు:

మియాపూర్ వాసి గారూ, ఆ ఇద్దరూ చెప్పినది సరికాదని నా అభిప్రాయం.

తాగునీటి యంత్రం మనుషుల కోసం తయారైనది. నీరు మరీ చప్పగా ఉండకూడదని అందులో టీడీఎస్ కంట్రోలర్ పెడతారు. అది మెంబ్రేన్ (ఆర్.ఓ. యంత్రంలో లవణాలను ఆపే పొర) దాకా పోని నీటిని కొంత పక్కదారిన తెచ్చి, శుద్ధమైన నీటిలో కలుపుతుంది. కొన్నింటిలో చివర ఖనిజాల కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. మీ మీటరు చూపిన 70 వెనుక బహుశా ఇవే ఉంటాయి, ఎందుకంటే 310 ఉన్న నీరు మంచి మెంబ్రేన్ గుండా వస్తే 10, 15కు మించి ఉండకూడదు.

అక్వేరియంలో 300 లీటర్లకు పది కిలోలకు పైగా ఉప్పు మనమే కలుపుతాం కదా, ఈ 70 ఏమూలకు అని అడగవచ్చు. చిక్కు మొత్తంలో లేదు, ఆ కొద్దిలో ఏమున్నదన్న దానిలో ఉన్నది. తొట్టి నుండి ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగినదంతా తొట్టిలోనే మిగిలిపోతుంది. మన వేసవిలో ఫ్యాను పెట్టి నీటిని చల్లబరిస్తే ఈ సైజు తొట్టిలో రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోవడం వింతేమీ కాదు. భర్తీ చేసే నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేటు ఉందనుకోండి. నెలకు 900 మిల్లీగ్రాములు చేరుతుంది, అంటే మీ తొట్టిలో నైట్రేటు లీటరుకు మూడు మిల్లీగ్రాములు పెరుగుతుంది, అదీ చేపలకు వేసిన మేతతో నిమిత్తం లేకుండా. తాగునీటిలో నైట్రేటు 45 వరకు ఉండవచ్చని మన ఐఎస్ 10500 ప్రమాణం అంటుంది. పగడాలు పెంచేవారు చాలామంది తొట్టిలో 10 దాటనివ్వరు. రాగి సంగతి మరీ సున్నితం. మనకు హాని చేయని మోతాదు రాగి కూడా రొయ్యలను, నత్తలను చంపుతుంది.

అందుచేత మీకు కావలసింది ఆర్.ఓ. తర్వాత డీఐ రెసిన్ (నీటిలో మిగిలిన అయాన్లను పట్టుకునే చిన్న పూసలు) ఉన్న అమరిక. దానికి ఆరు దశలు అక్కరలేదు. మట్టిని ఆపే ఐదు మైక్రాన్ల స్పన్ ఫిల్టరు, క్లోరిన్‌ను తీసేసే కార్బన్ బ్లాకు, మెంబ్రేన్, ఆ తర్వాత మిక్స్‌డ్ బెడ్ (క్యాటయాన్, ఆనయాన్ రెండు రకాలూ కలిసిన) రెసిన్ నింపిన డబ్బా, ఈ నాలుగూ చాలు. యూవీ దీపం, ఖనిజాలు, ఆల్కలైన్ వంటివి డబ్బు దండగ మాత్రమే కాదు, చివరి రెండూ మనం తీసేసినదాన్నే మళ్ళీ కలుపుతాయి. తాగునీటి యంత్రాల విడిభాగాలు అమ్మే దుకాణంలో పది అంగుళాల హౌసింగులు (ఫిల్టర్లు పట్టే డబ్బాలు), ఇళ్ళలో వాడే 1812 సైజు మెంబ్రేన్, పీడనం పెంచే బూస్టర్ పంపు, కరెంటుతో తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వు, బయటికి పోయే నీటిని అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్ అన్నీ దొరుకుతాయి. రెసిన్ ఒక్కటే అక్వేరియం వారి దగ్గర గానీ, ప్రయోగశాలలకు డీఐ నీటి సామగ్రి సరఫరా చేసేవారి దగ్గర గానీ కొనుక్కోవాలి.

సామర్థ్యానికి 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్లు) మెంబ్రేన్ సరిపోతుంది. అంటే 25 డిగ్రీల దగ్గర, తయారీదారు చెప్పిన పీడనంలో రోజుకు సుమారు 280 లీటర్లు. తొట్టి నింపే మొదటి విడతకు ఒకటిన్నర రోజు పట్టినా, ఆ తర్వాత వారానికి పది శాతం నీటి మార్పిడికి 30, ఆవిరి భర్తీకి 20, మొత్తం 50 లీటర్లు దాటదు.

పంపు మాత్రం తప్పక పెట్టండి. పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు 14 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం వస్తుంది. మీరు పై అంతస్తులో ఉన్నారు కనుక ట్యాంకు మీ కుళాయికి నాలుగైదు మీటర్ల పైన మాత్రమే ఉంటుంది. ఆ ఆరేడు పీఎస్‌ఐతో మెంబ్రేన్ పని చేయదు. దిగుమతి యంత్రాల్లో చాలావాటికి పంపు ఉండదు, అవి కుళాయిలో 50, 60 పీఎస్‌ఐ వచ్చే ఊళ్ళ కోసం చేసినవి. ఆ సంగతి అమ్మేవారు చెప్పరు.

బోరు నీటిని మాత్రం ఎంచుకోకండి. మెంబ్రేన్ 96 శాతం తీసేస్తుందనుకుంటే మంజీరా నీరు 12 దగ్గర, బోరు నీరు 34 దగ్గర రెసిన్‌ను చేరుతాయి. ఆ లెక్కన బోరు నీటితో రెసిన్ దాదాపు మూడు రెట్లు త్వరగా అయిపోతుంది.

విశాఖ తీరం:

పై సమాధానం పగడాల విషయంలో నిజమే. అయితే చేపలు మాత్రమే పెంచేవారికి రెసిన్ కూడా కావాలనడం అతి అనిపిస్తుంది. క్లౌన్ చేపలు, డాంసెల్ చేపలు నైట్రేటు 30, 40 ఉన్న నీటిలో కూడా ఆరోగ్యంగా ఉంటాయి. కంట్రోలర్ పూర్తిగా మూసి, ఖనిజాల కార్ట్రిడ్జ్ తీసివేసిన తాగునీటి యంత్రంతో మొదలుపెట్టి, పగడాలు తెచ్చే ముందు రెసిన్ చేర్చుకుంటే ఖర్చు విడతలుగా పడుతుంది.

సముద్రపు నీరే తెచ్చుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు కనుక అది కూడా చెబుతాను. ఇక్కడ మాకు సముద్రం పక్కనే ఉన్నా తీరం నుండి నేరుగా ముంచుకుని వాడడం మంచిది కాదు. ఓడరేవుకు, చేపల రేవుకు దగ్గర నీటిలో నూనె, మురుగు కలుస్తాయి. పైగా వానాకాలం తర్వాత నదుల నీరు చేరి బంగాళాఖాతం తీరంలో లవణీయత బాగా పడిపోతుంది. తొట్టిలో మనం కోరేది వెయ్యి పాళ్ళకు 35, సాంద్రత కొలమానంలో 1.026, తెచ్చిన నీరు దానికంటే ఎంత తక్కువ ఉంటే అంత ఉప్పు మళ్ళీ కలపవలసిందే. హైదరాబాదు దాకా డబ్బాల్లో మోయించుకునే పని అసలే కాదు.

శుద్ధజలం:

నేను నీటిశుద్ధి యంత్రాల నిర్వహణలో పనిచేస్తాను, అక్వేరియం నా ఇష్టం. విశాఖ తీరం గారి సూచన వారి నీటికి సరిపడవచ్చు గానీ హైదరాబాదుకు సరిపడదు, దానికి కారణం సిలికా. మన నగరం గ్రానైటు మీద ఉన్నది. రాతి పగుళ్ళలో నిలిచిన బోరు నీటిలో సిలికా ఎక్కువగా కరిగి ఉంటుంది. అది తొట్టిలో చేరితే డయాటమ్‌లు (సిలికాతో పెరిగే సూక్ష్మమైన పాచి) పెరిగి, ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొర పేరుకుంటుంది. వేసవిలో జలమండలి నీరు తగ్గినప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ట్యాంకులోకి కూడా బోరు నీరు గానీ ట్యాంకరు నీరు గానీ వదులుతారు. కనుక మీ 310 ఏడాది పొడవునా 310గానే ఉంటుందని అనుకోకండి, నెలకొకసారి చూడండి.

ఇక్కడే మీటరు మీద అందరూ పెట్టుకునే నమ్మకం దెబ్బతింటుంది. టీడీఎస్ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి దాన్ని టీడీఎస్‌గా మార్చి చూపుతుంది. మామూలు నీటిలో సిలికా దాదాపుగా అయాన్లుగా విడిపోదు కనుక మీటరుకు అది కనిపించదు. అరిగిపోతున్న రెసిన్ అన్నిటికంటే ముందు వదిలేసేది కూడా సిలికానే. అందువల్ల మీటరు ఇంకా సున్నా చూపుతున్నా గోధుమరంగు పొర మొదలైందంటే రెసిన్ మార్చే సమయం వచ్చిందని భావించాలి. వీలైతే రెసిన్ డబ్బాలు రెండు వరుసగా పెట్టండి. రెండింటి మధ్య నీటి టీడీఎస్ ఒకటి చూపగానే మొదటి డబ్బా రెసిన్ మార్చి, రెండవదాన్ని మొదటి స్థానానికి జరిపి, కొత్తదాన్ని వెనుక పెట్టండి. బోరు నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు కూడా మెంబ్రేన్ దాటి వచ్చి రెసిన్‌లోని ఆనయాన్ భాగాన్ని తినేస్తుంది. మెంబ్రేన్ నీటి టీడీఎస్ తక్కువ చూపుతున్నా రెసిన్ త్వరగా చచ్చిపోతున్నదంటే కారణం తరచు ఇదే.

బిగించేటప్పుడు రెసిన్ డబ్బా నిలువుగా ఉండాలి, నీరు కింద నుండి పైకి పోవాలి, రెసిన్ గట్టిగా కూరి ఉండాలి. అడ్డంగా పడుకోబెట్టిన డబ్బాలో నీరు పైభాగంలో ఒక దారి చేసుకుని రెసిన్‌ను తాకకుండానే వెళ్ళిపోతుంది. మెంబ్రేన్‌కూ రెసిన్‌కూ మధ్య ఒక టీ (T ఆకారపు గొట్టపు ముక్క), ఒక చిన్న వాల్వు పెట్టించండి. యంత్రం ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ రెండు వైపులా లవణాలు సమానం కావడానికి చూస్తాయి కనుక, మళ్ళీ ఆన్ చేసిన మొదటి కొద్ది నిమిషాల నీరు వందకు పైగా కూడా చూపుతుంది. ఆ నీటిని ఆ వాల్వు గుండా బయటికి వదిలేస్తే రెసిన్ చాలా కాలం వస్తుంది. అందుకే రోజూ రెండేసి లీటర్లు పట్టుకోవడం కంటే వారానికి ఒకసారి 50 లీటర్ల డ్రమ్ము నింపుకోవడం మేలు. కొత్త కార్బన్ నుండి వచ్చే నల్ల పొడిని మెంబ్రేన్ చేరకముందే కడిగేయాలి, కొత్త మెంబ్రేన్ ఇచ్చే మొదటి ఒకటి రెండు గంటల నీటిని వాడకూడదు. శుద్ధమైన నీరు పోయే దారిలో ఇత్తడి ఫిట్టింగులు, రాగి గొట్టాలు ఎక్కడా పెట్టించకండి. అయాన్లు లేని నీరు లోహాన్ని కొరుకుతుంది.

ఫ్రిస్కో తెలుగు:

మేము టెక్సస్‌లో ఉంటాము. అమెరికాలో ఈ పని చేయబోయే తెలుగువారికి ఒక్క మాట. హైదరాబాదులో నీటిలో కలిపేది క్లోరిన్. మాకు నీరిచ్చే ఉత్తర టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ వంటి సంస్థలు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలుపుతాయి. మామూలు కార్బన్ దాన్ని అంత సులభంగా విడగొట్టలేదు, విడగొట్టిన తర్వాత మిగిలే అమ్మోనియాలో కొంత మెంబ్రేన్‌ను దాటుతుంది. అందువల్ల ఇక్కడ ఒకటికి రెండు కార్బన్ బ్లాకులు, వీలైతే క్యాటలిటిక్ కార్బన్ (క్లోరమైన్‌ను విడగొట్టడానికి ప్రత్యేకంగా చేసినది), దాని తర్వాత తప్పనిసరిగా రెసిన్ పెట్టుకోవాలి. ఏటా వసంతకాలంలో కొన్ని వారాల పాటు ఈ సంస్థ క్లోరమైన్ ఆపి క్లోరిన్ మాత్రమే కలుపుతుంది. కార్బన్ మార్చవలసి ఉంటే ఆ రోజులకు ముందే మార్చుకోవడం మా అలవాటు. పీడనం మాకు సరిపడినంత ఉంటుంది కనుక లాండ్రీ గదిలో చన్నీటి కుళాయికి అడాప్టర్ బిగించాము, పంపు అవసరం రాలేదు.

మియాపూర్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మంజీరా నీటితో, పంపుతో, రెండు రెసిన్ డబ్బాలతో ఇక్కడే భాగాలు కొని కట్టించుకోవాలని నిర్ణయించాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. వంటింట్లో చోటు లేదు కనుక పక్కనే ఉన్న బాల్కనీ గోడకు బిగించాలి, అక్కడ మధ్యాహ్నం ఎండ పడుతుంది. సంక్రాంతికి, వేసవికి ఊరు వెళితే యంత్రం రెండు మూడు వారాలు ఖాళీగా ఉంటుంది, దానివల్ల నష్టమేమైనా ఉందా?

శుద్ధజలం:

ఎండ పడే గోడ వద్దు. పారదర్శకమైన హౌసింగుల్లో వెలుతురుకు పాచి పడుతుంది, ప్లాస్టిక్ పెళుసుబారి పగులుతుంది. ఇంకో గోడ లేకపోతే తలుపున్న చిన్న పెట్టె చేయించి అందులో పెట్టండి. ఇళ్ళలో వాడే మెంబ్రేన్లకు గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీరు దానికి చేరువగా వస్తుంది. వేడి నీటితో ఉత్పత్తి పెరిగినట్లు కనిపిస్తుంది గానీ లవణాలు కూడా ఎక్కువగా దాటి వస్తాయి. వేసవిలో తెల్లవారుజామున పట్టుకోండి.

బయటికి పోయే నీటి గొట్టాన్ని బాల్కనీ డ్రెయిన్‌లోకి దూర్చకుండా కొంచెం పైనే ఆపండి. ఒక వంతు మంచి నీటికి మూడు వంతులు బయటికి పోతే ఆ నీటి టీడీఎస్ 410 దగ్గర ఉంటుంది, ఇల్లు తుడవడానికి, టాయిలెట్‌కు, బట్టలు నానబెట్టడానికి ఇబ్బంది లేదు. అది తగ్గించాలని మరీ బిగుతైన రిస్ట్రిక్టర్ పెడితే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంటుంది.

డ్రమ్ములో ఫ్లోట్ స్విచ్ పెట్టి పంపునూ సోలినాయిడ్‌నూ దానికి కలపండి, అయినా ఎవరూ ఇంట్లో లేనప్పుడు ఆన్ చేసి వెళ్ళకండి. ఊరు వెళ్ళే ముందు పావుగంట నడిపి, రిస్ట్రిక్టర్ పక్కదారి తెరిచి మెంబ్రేన్‌ను కడిగి, కుళాయి మూసి వెళ్ళండి. గొట్టాలు విప్పి నీరంతా తీసివేయకూడదు, ఒకసారి తడిసిన మెంబ్రేన్ ఎండిపోతే మళ్ళీ అంత నీరు ఇవ్వదు. తిరిగి వచ్చాక మొదటి అరగంట నీటిని బయటికి వదిలి, మీటరుతో చూసిన తర్వాతే రెసిన్ వైపు వాల్వు తిప్పండి. మీరు లేనప్పుడు ఆవిరి భర్తీ చేయడానికి పక్కింటివారికి 60 లీటర్ల దాకా ముందే పట్టి ఉంచవలసి వస్తుంది, డ్రమ్ము ఆ మేరకు పెద్దది తీసుకోండి.