అన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే ఊరికి లైబ్రరీ ఎందుకంటున్నారు, ఏం చెప్పమంటారు?

ఉద్దానం వార్డు మెంబర్:
మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు ఒక ఊరు. పంచాయతీలో వార్డు మెంబర్‌ని. మా పంచాయతీ బిల్డింగులోనే ఒక గదిలో శాఖా గ్రంథాలయం నడుస్తోంది. మొన్న మీటింగ్‌లో ఆ గదిని వేరే పనికి వాడుకుందామన్న మాట వచ్చింది. "అన్నీ ఫోన్‌లో ఉన్నప్పుడు ఇంక లైబ్రరీ ఏటికి?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కానీ గట్టిగా నిలబడి మాట్లాడటానికి నాకు రూల్స్ తెలీవు.

నేను చూసింది చెప్తాను. పొద్దున్న పేపర్ల కోసం పెద్దవాళ్లు వస్తారు. సాయంత్రం పిల్లలు వస్తారు. వాళ్ల తల్లులు జీడిపిక్కల పనికి వెళ్తారు, తండ్రుల్లో చాలామంది వలస పోయారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ తండ్రితోనే వెళ్లిపోయింది. "అందరి చేతిలో ఫోన్ ఉంది" అనే లెక్కలో ఈ పిల్లలు లేరు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ పోయింది, సెల్ టవర్లూ పోయాయి. కొబ్బరి, జీడి తోటలకు నష్టపరిహారం ఎంత ఇస్తారు, ఎవరికిస్తారు అని ఊరంతా ఒకటే టెన్షన్. దారులు బాగయ్యాక వచ్చిన పేపరే దిక్కు. చదువు రానివాళ్లకు దాన్ని పైకి చదివి వినిపించింది ఆ గదిలోనే.

ఇంతకీ పంచాయతీ తల్చుకుంటే లైబ్రరీని మూసేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ లైబ్రేరియన్, విజయనగరం:
అమ్మా, ముందు డబ్బు సంగతి తెలుసుకోండి. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల గ్రంథాలయ పన్ను (సెస్) కలిపి వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టేవాడు లైబ్రరీకి 80 రూపాయలు కడుతున్నట్టే. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. తన ఖర్చులకు వాడుకోకూడదు. గది మీదే అయినా లైబ్రరీ మాత్రం సంస్థది. మీటింగ్‌లో చేతులెత్తి మూసేయడానికి కుదరదు.

మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, సెస్ విడిగా రాసి ఉంటుంది. వచ్చే మీటింగ్‌లో ఒకే ప్రశ్న అడగండి: "వసూలు చేసిన సెస్‌లో ఇప్పటిదాకా ఎంత జమ చేశాం?" నా సర్వీసంతా నన్ను బాధపెట్టింది ఇదే. సెస్ రాకపోతే కొత్త పుస్తకాలు కొనలేం. పాతవే చూసి చూసి జనం రావడం మానేస్తారు. అప్పుడు జనం రావట్లేదని మాకే చెప్తారు.

సిక్కోలు కుర్రాడు:
నాది కొంచెం వేరే అభిప్రాయం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదివాను. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. చిన్నప్పుడు మా ఊరి లైబ్రరీలో సగం పుస్తకాలు చెదలు తిన్నవే. ఆ డబ్బుతో వైఫై, నాలుగు కంప్యూటర్లు పెడితే పిల్లలకు ఎక్కువ మేలు కదా?

డీఎస్సీ అభ్యర్థి, విజయనగరం:
అన్నా, కంప్యూటర్లు పెట్టమనండి, సంతోషమే. కానీ వాటిని పెట్టడానికీ ఆ గది ఉండాలి కదా.

నేను 2025 మెగా డీఎస్సీకి లైబ్రరీలోనే చదివాను. 16,347 టీచర్ పోస్టులని తెలిసిన రోజు నుంచీ కుర్చీ దొరకాలంటే తలుపు తీసే వేళకే వెళ్లాల్సి వచ్చేది. పీడీఎఫ్‌లన్నీ నా ఫోన్‌లోనూ ఉన్నాయి. మాది రెండు గదుల ఇల్లు, ఒకదాంట్లో టీవీ, ఇంకోదాంట్లో మంచంలో ఉన్న నాయనమ్మ. ఆడపిల్ల రోజంతా బయట కూర్చుని చదువుకుంటానంటే ఇంట్లో ఒప్పుకునే చోటు ఊరంతా వెతికినా లైబ్రరీ ఒక్కటే. స్టడీ హాల్‌కి నెల నెలా ఫీజు కట్టే స్థోమత లేదు. సైకాలజీలో నాకు అర్థం కానివి పక్క బెంచీ అక్క చెప్పేది, ఆవిడకి లెక్కలు నేను చెప్పేదాన్ని. శుక్రవారం సెలవంటే ఆ రోజు మాకు చదువు సాగేది కాదు.

రిటైర్డ్ లైబ్రేరియన్, విజయనగరం:
సిక్కోలు బాబూ, మీ శ్రీకాకుళంలోనే విశాఖ ఎ కాలనీలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ ఉంది, చూశారా? కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడ ఉండాలన్నది ఆయన పట్టుదల. పాత వారపత్రికల కాగితం ముట్టుకుంటే పొడైపోతుంది. వాటిని ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చి దాచారు కాబట్టే తర్వాత స్కాన్ చేయగలిగారు. ఇప్పుడు ఆ కథల్ని వెబ్‌సైట్‌లో అమెరికా నుంచి కూడా చదువుతున్నారు. మాస్టారు 2021లో పోయారు, పని ఆగలేదు. మీరు ఇంటర్నెట్‌లో చదివిన పాత పుస్తకాల్లో చాలావాటి మీద ఏదో ఒక గ్రంథాలయం ముద్ర కనిపిస్తుంది, ఈసారి గమనించండి.

చెదల మాట నిజమే, నాకూ కోపమే. దానికి ర్యాకులు గోడకి కాస్త ఎడంగా జరిపి, ఏటా మందు కొట్టించాలి. అంతేగానీ లైబ్రరీ తీసేస్తామంటే ఎలా?

సిక్కోలు కుర్రాడు:
ముద్ర సంగతి నిజమే సార్, ఇప్పుడే ఒకటి తెరిచి చూశాను. మేడమ్, మీ లైబ్రరీకి ఒక పాత ల్యాప్‌టాప్ ఇవ్వగలను. ఎవరి పేరున ఇవ్వాలి?

ఉద్దానం వార్డు మెంబర్:
అందరికీ నమస్కారాలు. రసీదు తీసి చూశాను, సెస్ ఉంది. సెక్రటరీ గారిని ఐదేళ్ల జమ లెక్క రాతపూర్వకంగా అడుగుతున్నాను. తమ్ముడూ, ల్యాప్‌టాప్ జిల్లా గ్రంథాలయ సంస్థ పేరున రాసి, మా శాఖకి అని చెప్పు, లేకపోతే ఇంకెక్కడికో పోతుంది. పక్క బెంచీ అక్క గురించి చెప్పిన అమ్మాయీ, నీ మాటలు మీటింగ్‌లో చదవొచ్చా? పేరు చెప్పను.