అప్‌డేట్: మా ట్రైలర్ అమ్మేశాం

పోయిన నెల అడిగాను కదా, మా 19 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌ని (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) డీలర్‌కి ఇచ్చేయాలా, సొంతంగా అమ్మాలా, కిటికీ కింద నీటి మరక సంగతి చెప్పాలా అని. మీరంతా సొంతంగానే అమ్మమన్నారు, మరక దాచొద్దన్నారు. అలాగే చేశాను.

శనివారం ఇద్దరు చిన్నపిల్లలతో ఒక జంట వచ్చారు. ముందు మరకే చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని నేలంతా అరచేత్తో నొక్కి చూశాడు. నీళ్లు దిగి ఎక్కడా మెత్తబడలేదు. పైకప్పు సీలెంట్ వేయించిన బిల్లులు కూడా చూపించాక, 500 డాలర్లు తగ్గించమన్నారు. సరేనన్నాను.

టెక్సస్‌లో అమ్మేవాళ్లకి ఒక్క మాట. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద, కొన్నవాళ్ల పేరు మీదికి టైటిల్ మార్చే దరఖాస్తు అయిన 130-యూ ఫారం మీద సంతకాలు పెట్టాక నంబర్ ప్లేట్ విప్పేసుకోండి, అమ్మినట్టు డీఎంవీకి (రాష్ట్ర వాహనాల శాఖకి) ఆన్‌లైన్‌లో తెలియజేయండి. అప్పటిదాకా నాకు టెన్షన్ తగ్గలేదు.

సింక్ కింది అరలో ఎర్రటి నూనె మరక ఒకటుంది. టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్ అనే లోయలోకి దిగే మలుపుల్లో అమ్మ పంపిన ఆవకాయ సీసా పగిలినప్పటిది. ఆరేళ్లుగా తోముతున్నా పోలేదు. ఆఖరి రోజు మా ఆవిడ ఆ అర తెరిచి వాసన చూసి, మళ్లీ మెల్లగా మూసేసింది. వాళ్ల ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం.